అమెరికా నుంచి వచ్చిన క్యాసెట్టు

క్యాసెట్టు పెట్టగానే అక్క గొంతు మగగొంతులా వచ్చింది. బొమ్మ నిలబడ్డం లేదు, దొర్లుతూనే ఉంది, రంగు లేదు, మధ్యలో తెల్ల గీతలు. "అమ్మా... ఎలా... ఉన్నావే..." అని ఒక్కో అక్షరాన్నీ సాగదీస్తూ ఎవరో బావిలోంచి మాట్లాడుతున్నట్టుంది. అమ్మ గభాల్న లేచి నిలబడి "దాని గొంతుకేమైందిరా? ఒంట్లో బాగాలేదా ఏంటి? ఉత్తరంలో ఒక్క ముక్క రాయలేదే" అంది.

1990 నాటి మాట. అంబర్‌పేటలో మా ఇల్లు. అక్కకి పెళ్ళయి న్యూజెర్సీ వెళ్ళి అప్పటికి నాలుగేళ్ళు, పాప పుట్టి ఐదు నెలలు, అమ్మ ఆ పాపని ఇంకా ఫొటోలో తప్ప చూడలేదు. తెలిసినవాళ్ళెవరో అమెరికా నుంచి వస్తుంటే బావ వాళ్ళ చేత ఈ వీడియో క్యాసెట్టు పంపించాడు. మేము అలీ కేఫ్ చౌరస్తా దగ్గర షాపులో వీసీఆర్ ఒక రోజుకి అద్దెకి తెచ్చి, మలక్‌పేట నుంచి పిన్నీ బాబాయిలని పిలిపించి, పక్క వాటా వాళ్ళని కూడా రమ్మని, చాప పరుచుకుని అందరం కూర్చున్నాక ఇదీ జరిగింది. షాపు అబ్బాయి వచ్చి హెడ్ తుడిచాడు, తను తెచ్చిన సినిమా క్యాసెట్టు వేసి చూపించాడు, అది చక్కగా ఆడింది. అంటే మన క్యాసెట్టే పాడైపోయిందని అందరం అనుకున్నాం. అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నాన్న మాత్రం లేబుల్ తిప్పి తిప్పి చూస్తూ కూర్చున్నాడు. నాన్న విద్యుత్ బోర్డులో సబ్ ఇంజినీరు, దేన్నైనా కరెంటు వైపు నుంచే ఆలోచిస్తాడు. కాసేపటికి "క్యాసెట్టు బాగానే ఉంది, వీసీఆరూ బాగానే ఉంది. వాళ్ళ టీవీ వేరు, మన టీవీ వేరు, అంతే" అన్నాడు. అమెరికాలో కరెంటు 60 సైకిల్స్, మనకి 50. వాళ్ళ టీవీ సెకనుకి 30 బొమ్మలు చూపిస్తే మనది 25. వాళ్ళ బొమ్మకి 525 గీతలు, మన బొమ్మకి 625. క్యాసెట్టులో టేపు కూడా అక్కడ ఎక్కువ వేగంతో తిరుగుతుంది, అదే టేపుని మన మిషన్ తన వేగంతో తిప్పితే మాట సాగిపోయి గొంతు బొంగురుపోతుంది. ఇదంతా అమ్మకి వంటింటి గుమ్మం దగ్గర నిలబడి చెప్పాడు. అమ్మకి అందులో పట్టింది ఒకటే, కూతురి ఒంట్లో బాగానే ఉందని.

దేశాల టీవీలని పోల్చి చూడడం నాకు ఆ రోజే మొదలైంది. ముందు నాన్న చెప్పిన ఆ గీతల లెక్క. అమెరికా వాళ్ళు 1953లోనే రంగుల పద్ధతి ఖాయం చేసుకున్నారు, దాని పేరు ఎన్టీఎస్సీ. ముందు మొదలుపెట్టినందుకు వాళ్ళకి ఒక ఇబ్బంది మిగిలింది, ప్రసారంలో కాస్త తేడా వచ్చినా మనుషుల మొహాలు ఆకుపచ్చగానో ఊదాగానో మారేవి, అందుకని అక్కడి సెట్లకి ఆ ఛాయ సరిచేసుకోడానికి విడిగా ఒక నాబ్ పెట్టేవాళ్ళు. పది పన్నెండేళ్ళ తర్వాత జర్మనీలో వాల్టర్ బ్రూఖ్ అనే ఇంజినీరు రంగు సంకేతాన్ని గీత విడిచి గీతకి తిరగేసి పంపితే ఒక గీతలో వచ్చిన తప్పుని పక్క గీత కొట్టేస్తుందని కనిపెట్టాడు, అదే పాల్. మనం రంగుల్లోకి వచ్చింది 1982లో, ఢిల్లీ ఏషియాడ్ ఏడాది. "ఆలస్యంగా వచ్చినా మంచిది చూసుకుని తీసుకున్నాం" అనేవాడు నాన్న, తనే దగ్గరుండి ఎంచినట్టు.

ఇంతకీ ఆ క్యాసెట్టు మేము చూశాం. ఎలాగంటే మా వెనక గల్లీలో మేము ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే ఆవిడ వాళ్ళాయన జెద్దాలో పదేళ్ళు పనిచేసి వచ్చాడు. సౌదీలో నడిచేది మూడో రకం, ఫ్రాన్స్ వాళ్ళ సెకామ్. చుట్టుపక్కల చాలా దేశాల్లో పాల్. అందుకని గల్ఫ్‌లో అమ్మే జపాన్ టీవీలు, వీసీఆర్లు అన్ని పద్ధతులూ చదివేవి, మల్టీ సిస్టమ్ అనేవాళ్ళం. నాన్న వెళ్ళి అడిగితే ఖాలా "అరే, అడగాల్నా భాయ్, అందర్నీ తీస్కొని రాండి" అంది. సాయంత్రం ఏడింటికి మా ఇల్లంతా వాళ్ళ హాల్లో ఉంది. క్యాసెట్టు వేశారు. నీలిరంగు స్వెటర్ వేసుకుని అక్క, ఒళ్ళో పాప, వెనకాల కిటికీలో మంచు. "అమ్మా, ఎలా ఉన్నావే?" అని అక్క తన గొంతుతో అడిగింది. అమ్మ అంతమందిలోనూ టీవీ వైపు చూస్తూ "బాగున్నానే" అని గట్టిగా జవాబు చెప్పింది. ఎవరూ నవ్వలేదు. ఖాలా కొంగుతో కళ్ళొత్తుకుంది, వాళ్ళాయన జెద్దాలో ఉన్నన్నాళ్ళూ ఆవిడకి ఈ క్యాసెట్ల సంగతి బాగా తెలుసు.

పాప ఉన్నది ఇరవై నిమిషాలే. మిగిలిన టేపు ఖాళీగా ఎందుకని బావ అక్కడి టీవీని రికార్డు చేసి పంపాడు. మేము లేవబోతుంటే ఖాలా చాయ్ తెప్పించింది, దాంతో అందరం కూర్చుండిపోయి అమెరికా టీవీ మొత్తం చూశాం. మొదట ఒక కామెడీ, ప్రతి మాటకీ జనం నవ్వులు వినపడుతున్నాయి, జనం మాత్రం కనపడరు. అమ్మ రెండుసార్లు అడిగింది ఎవరు నవ్వుతున్నారని. తర్వాత వార్తలు. నాన్న చేతి గడియారం విప్పి ఒళ్ళో పెట్టుకుని లెక్కేశాడు, అరగంట వార్తల్లో ఏడెనిమిది నిమిషాలు ప్రకటనలే. ఒక ప్రకటన మాత్రం ఎవరికీ అర్థం కాలేదు, తెల్లటి పిల్లి ఒకటి గాజు గిన్నెలో ఏదో తింటోంది, పక్కన డబ్బా. అది పిల్లుల కోసం డబ్బాలో పెట్టి అమ్మే తిండి అని బాబాయి ఇంగ్లీషు విని చెప్పాడు. "పిల్లికి వండిపెడతారా?" అంది అమ్మ. బొమ్మ ఎంత బాగున్నా, రంగులు ఎంత మెరుస్తున్నా, ఏదీ ఐదారు నిమిషాలకి మించి నిలవడం లేదు, ఒకటి మనసుకి ఎక్కేలోపు ఇంకోటి వచ్చి తోసేస్తోంది.

ఆఖర్న వచ్చింది సముద్రం గురించి ఒక కార్యక్రమం. అది పీబీఎస్ అని అక్కడి పబ్లిక్ చానెల్. గంటసేపు ఒక్క ప్రకటన రాలేదు. ఒక పెద్ద తాబేలు ఒడ్డుకెక్కి, ఇసుక తవ్వి, గుడ్లు పెట్టి, మళ్ళీ నీళ్ళలోకి వెళ్ళేదాకా కెమెరా కదలకుండా చూసింది. హాల్లో చప్పుడు లేదు. అయిపోయాక ఒక గొంతు ఈ కార్యక్రమానికి ఖర్చు పెట్టినవాళ్ళ పేర్లు చదువుతూ చివర్న "ఇంకా మీలాంటి ప్రేక్షకులు" అంది. నాన్న ముందుకి జరిగి "చూసేవాళ్ళే డబ్బులు పంపిస్తారా?" అని బాబాయిని అడిగాడు. ఇంటికి రాగానే ఇనప్పెట్టె తీసి, అడుగునుంచి ఒక చిన్న పుస్తకం బయటికి లాగాడు. మా టీవీ లైసెన్సు పుస్తకం. ఏటేటా పోస్టాఫీసుకి వెళ్ళి డబ్బు కట్టి స్టాంపు వేయించుకున్నది. 1985లో ఆ లైసెన్సులు ఎత్తేశారు, నాన్న పుస్తకం పారెయ్యలేదు. "మనమూ కట్టాం" అన్నాడు నాతో.

ఈ తరం వాళ్ళకి చెప్తే నమ్మరు గానీ ఒకప్పుడు ఈ దేశంలో టీవీ చూడ్డానికి ఇంటింటా లైసెన్సు ఉండాలి, రేడియోకీ అంతే. మా మొదటి టీవీ ఈసీ టీవీ, చెక్క డబ్బా, జరిపే తలుపులు, బ్లాక్ అండ్ వైట్. ఈసీఐఎల్ వాళ్ళది, మన ఊళ్ళోనే తయారైనది, దేశమంతా వెళ్ళేది. డాబా మీద యాంటెన్నా రామంతాపూర్ వైపు తిప్పి కడితే, గాలి వచ్చినప్పుడల్లా నేను పైకెక్కి "వచ్చిందా? వచ్చిందా?" అని అరవడం, కిందనుంచి అక్క "ఇంకొంచెం, ఇంకొంచెం, ఆగు, పోయింది" అనడం. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది, మా ఇంటికి అది కూతవేటు దూరం, అయినా గాలికి బొమ్మ పోయేది. "అంతరాయానికి చింతిస్తున్నాము" అని బోర్డు పడితే ఓపిగ్గా దాన్నే చూస్తూ కూర్చునేవాళ్ళం, అందులోని అక్షరాల ఒంపులు కూడా నాకు గుర్తే.

దూరదర్శన్ బొమ్మ నాణ్యం చెప్పుకోదగ్గది కాదు. సెట్టింగులు ఊగేవి, తోటలో తీసిన సీనులో కాకులు అరిచేవి. కానీ ఆ ఒక్క చానెల్లోనే ప్రపంచమంతా వచ్చేది. జర్మనీ వాళ్ళ టెలిమ్యాచ్‌లో పెద్ద పెద్ద బొమ్మల వేషాలేసుకున్న మనుషులు నీళ్ళ బకెట్లతో పరుగెత్తేవాళ్ళు. జపాన్ వాళ్ళ జెయింట్ రోబో చూసి మా గల్లీ పిల్లలందరం చేతిగడియారంలో మాట్లాడేవాళ్ళం. అమెరికా వాళ్ళ అంతరిక్ష నౌకలు. వాటి మధ్య మన పాడిపంటలు, నాటకాలు, కచేరీలు, శుక్రవారం చిత్రలహరి. 1983 నవంబరులో తెలుగు వార్తలు మొదలైనప్పుడు శాంతిస్వరూప్ గారు కనిపించారు. ఎదురుగా చూసి చదివే తెరలేవీ లేవు అప్పుడు, చాలా భాగం గుర్తుపెట్టుకుని మన కళ్ళలోకి చూస్తూ చెప్పేవారు. గొంతు పెంచేవారు కాదు. కాలువ తెగినా, ప్రభుత్వం మారినా అదే గొంతు, ఒత్తులు పోకుండా. మా నాయనమ్మ ఆయన "నమస్కారం" అనగానే తిరిగి నమస్కారం పెట్టేది.

ఇంకా వెనక్కి వెళ్తే మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో టీవీ మా ఇంటికంటే ముందే వచ్చింది. 1975 ఆగస్టు నుంచి ఒక ఏడాదిపాటు అమెరికా నాసా వాళ్ళ ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని వాడుకుని ఆరు రాష్ట్రాల్లో 2400 ఊళ్ళకి టీవీ చూపించారు, మన ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. సైట్ అనేవాళ్ళు. పంచాయతీ ఆఫీసు ముందు కోళ్ళ గూళ్ళకి వాడే జాలీతో చేసిన పెద్ద గొడుగు యాంటెన్నా, అరుగు మీద టీవీ, కింద ఊరు ఊరంతా. వరి తెగులు గురించీ, పిల్లల విరేచనాల గురించీ తెలుగులో చెప్పేవాళ్ళు. నాకప్పుడు ఐదేళ్ళు, బొమ్మకంటే చుట్టూ ఉన్న పెట్రోమాక్స్ పురుగులే గుర్తున్నాయి. అమ్మమ్మకి మాత్రం చనిపోయేదాకా ఆ చక్కెర ఉప్పు నీళ్ళ లెక్క గుర్తుంది. ఏడాది అయ్యాక ఉపగ్రహం పక్కకి జరిగిపోయింది. మారుమూల ఊరి రైతు కోసం ఆకాశంలోంచి టీవీ వెయ్యడమంటే చిన్న పని కాదు. మనం అనుకున్నాం, చేశాం. అది నాకు ఎప్పటికీ గొప్పగానే ఉంటుంది.

2004లో ఉద్యోగం మీద ఇంగ్లండు వెళ్ళాను, రెండేళ్ళున్నాను. అద్దె ఇంట్లో దిగిన వారానికి ఒక కవరు వచ్చింది, టీవీ ఉంటే లైసెన్సు తీసుకోమని. ఏడాదికి 121 పౌండ్లు. కూడా ఉన్న కుర్రాళ్ళందరూ తిట్టుకున్నారు. నేను కవరు పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాను, నాన్న లైసెన్సు పుస్తకం గుర్తొచ్చి. ఆ రాత్రి ఫోన్లో చెప్తే నాన్న "కట్టేయ్, కట్టేయ్, బీబీసీ దాని మీదే నడిచేది" అన్నాడు. కట్టాను. ఆ డబ్బుకి నేను చూసింది ఏమిటంటే, ఒక పాలపిట్టంత పక్షి గూడు కట్టుకోవడం గంటసేపు, మధ్యలో సబ్బూ లేదు, టూత్‌పేస్టూ లేదు. ఆదివారం పొద్దున పల్లెటూరి రైతుల కార్యక్రమం. హాస్య కథలు ఆరు భాగాలకి ఆగిపోయేవి, ఇంకా కావాలనిపిస్తుండగానే. అక్కడా చెత్త ఉంది, పొద్దస్తమానం పాత సామాన్లు వేలం వేసే కార్యక్రమాలు, ఒకర్నొకరు తిట్టుకునే షోలు, నేను అన్నీ చూశాను. కానీ ప్రకటనల మీద బతికే పెద్ద చానెళ్ళకి కూడా గంటకి సగటున 7 నిమిషాలే ప్రకటనలు అని హద్దు ఉంది, అది పాటిస్తారు.

ఆఫీసు పని మీద జర్మనీ వెళ్తే హోటల్ గదిలో ఇంకో సంగతి తెలిసింది. ప్రభుత్వం చేతిలో లేని వాళ్ళ రెండు పెద్ద పబ్లిక్ చానెళ్ళలో రాత్రి 8 తర్వాత ప్రకటనలు వెయ్యరు, ఆదివారాలు అసలే వెయ్యరు. ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే వేళని అమ్ముకోరన్నమాట. జపాన్ నేను వెళ్ళలేదు, మా పిన్ని కొడుకు అక్కడ ఎనిమిదేళ్ళు ఉన్నాడు. అక్కడి పబ్లిక్ టీవీ ఎన్‌హెచ్‌కే వాళ్ళు 1961 నుంచీ పొద్దున్నే ఒక సీరియల్ వేస్తారట, రోజుకి 15 నిమిషాలు, చాలావరకు ఆరు నెలల్లో కథ ముగిసిపోతుంది, ఇంకోటి మొదలవుతుంది. వాడు చెప్తుంటే అమ్మ ఆశ్చర్యపోయింది, "ముగిసిపోతుందా?" అని. పాపం ఆవిడ చూసే సీరియల్ వెయ్యి ఎపిసోడ్లు దాటింది, అందులో పెళ్ళి నాలుగుసార్లు ఆగింది.

మన దగ్గర మంచిది రాలేదని నేననను. కేబుల్ వచ్చిన కొత్తలో, 1995లో జెమినీ, ఈటీవీ మొదలైనప్పుడు ఎంత సంబరమో మాకు తెలుసు. 1996లో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు పాటల పోటీ మొదలుపెడితే, ఓడిపోయిన పిల్లకి కూడా ఏ అక్షరం దగ్గర శ్రుతి జారిందో కూర్చోబెట్టి ప్రేమగా చెప్పేవారు. అది వస్తున్నంతసేపూ మా గల్లీలో స్కూటర్ చప్పుడు కూడా ఉండేది కాదు. అదే ఊరు, అదే భాష, అవే స్టూడియోలు. మరి ఇప్పుడు రాత్రి 9 గంటలకి వార్తలు పెడితే ఎనిమిది కిటికీల్లో ఎనిమిది మంది ఒకేసారి అరుస్తారు, కింద రెండు పట్టీలు పరుగెడుతుంటాయి, మధ్యలో ఎర్రటి మంటలు. గంటకి 12 నిమిషాలకి మించి ప్రకటనలు వెయ్యకూడదని మనకీ నియమం ఉంది. నాన్న ఉంటే గడియారం విప్పి ఒళ్ళో పెట్టుకునేవాడు. చానెళ్ళు చూసేవాళ్ళ కోసం ఉన్నాయా, చూసేవాళ్ళని లెక్కపెట్టి ప్రకటనలవాళ్ళకి అమ్మడానికి ఉన్నాయా అన్నదాంట్లోనే ఉంది అంతా. ప్రతి దేశంలో ఈ రెండూ ఉన్నాయి, తేడా ఏ పక్క బరువు ఎక్కువ అన్నదే. నాకు దీని మీద కోపం కంటే బాధ ఎక్కువ, ఎందుకంటే మనకి చేతకాక కాదు, మనం చేసి చూపించాం, నేను చూశాను.

పోయినేడాది నాన్న ఇనప్పెట్టెని నేను తెరిచినప్పుడు లైసెన్సు పుస్తకం, దాని కిందే ఆ క్యాసెట్టు దొరికాయి. కోఠీ గుజరాతీ గల్లీలో పాత టేపులు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే ఆయన ఉన్నాడంటే పట్టుకెళ్ళాను. ఆయన కవరు చూడకుండానే, టేపు తిప్పి చూసి "ఇది అమెరికాది సార్, ఎన్టీఎస్సీ" అన్నాడు. నాకు ఆయన చేతులు పట్టుకోవాలనిపించింది. "పాప ఉన్నంతవరకు కట్ చేసివ్వమంటారా, వెనకాల ఏదో టీవీ రికార్డింగ్ ఉంది, అది తీసేద్దామా?" అని అడిగాడు. మొత్తం కావాలన్నాను.

అమ్మకిప్పుడు 84. కళ్ళు సరిగ్గా ఆనవు, చెవులు మాత్రం బాగున్నాయి. ఆదివారం పొద్దున సీరియల్ ఆపించి పెన్‌డ్రైవ్ పెట్టాను. నీలం స్వెటర్, మంచు, ఒళ్ళో పాప. ఆ పాపకిప్పుడు ఇద్దరు పిల్లలు. అమ్మ ఏమీ మాట్లాడకుండా చూసింది. కామెడీ నడిచింది, వార్తలు నడిచాయి. తెల్ల పిల్లి గాజు గిన్నెలో తింటుంటే మంచం మీంచి ముందుకి వంగి, కళ్ళు చిట్లించి, "ఇది మనం ఖాలా వాళ్ళింట్లో చూశాం కదరా, ఆ రోజు చాయ్‌లో ఇలాచీ వేసింది ఆవిడ" అంది.